పదకొండు గంపలు

నేను పశువుల డాక్టర్ని. పేరు మౌళి. గోడకి పట్టా ఉంది, బల్ల మీద పేరు పలక ఉంది, మెడలో స్టెతస్కోపు కూడా ఉంది. అయినా నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్లే దారిలో ఉన్న గొట్టాలపేటలో నన్ను "డాక్టరమ్మగారి ఆఫీసరు" అంటారు. డాక్టరమ్మ అంటే మా అటెండరు అప్పలలక్ష్మి. మొదట్లో ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడూ మండుతుంది గానీ, వాళ్లు ఊరికే అనడం లేదని ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

అప్పలలక్ష్మిది గొట్టాలపేటే. చదివింది ఎనిమిదో తరగతి. ఇరవై నాలుగేళ్ల కిందట ఊడ్చే పనికి చేరి, తర్వాత అటెండరైంది. ఆమె భర్త కొండబాబు షేర్ ఆటో నడుపుతాడు. పొద్దున్నే ఆ ఆటోలోనే, ముందు సీట్లో భర్త పక్కన సర్దుకుని కూర్చుని డ్యూటీకి వస్తుంది. ఆటో ఆస్పత్రికి చేరేసరికి సగం ఓపీ దారిలోనే అయిపోతుంది. ఒకావిడ ఒళ్లో కోడిని పెట్టుకుని ఎక్కుతుంది, ఇంకొకాయన మేకపిల్లను చంకన పెట్టుకుని ఎక్కుతాడు. చాలామంది వైద్యం అయిపోయి మధ్యలోనే దిగిపోతారు. ఆమెకి అంతుపట్టని కేసులే నా దాకా వస్తాయి. వాటిలో సగం నాకూ అంతుపట్టవు, అది వేరే సంగతి.

ఆమెకి ఒక అలవాటుంది. ఏ కోడిని తెచ్చినా ముందు రెక్క ఎత్తి, ఈకల మీద "ఉఫ్" అని ఊదుతుంది. ఈకలు విడిపోయి కింద చర్మం కనిపిస్తుంది. అక్కడ పేను ఉందా, గోమారి ఉందా, దద్దురుందా చూస్తుంది. తర్వాత కోళ్లగంపను మరిగే నీళ్లలో ముంచి ఎండలో పెట్టమని చెప్పి పంపిస్తుంది. గోమార్లు పగలు గంప అల్లికలో దాక్కుని రాత్రి బయటికొస్తాయని, కోడికి మందు రాసి గంపను వదిలేస్తే లాభం లేదని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆమె ఎక్కడ నేర్చుకుందో తెలియదు గానీ, గంప సంగతి చెప్పకుండా ఒక్క కోడిని కూడా ఆస్పత్రి గుమ్మం దాటనివ్వదు.

ఇక గొట్టాలపేట కొంగల గురించి చెప్పాలి. ఆ ఊరి చివర పధ్నాలుగు చింతచెట్లున్నాయి. ఏటా తొలకరికి వాటి మీదికి నత్తగుల్ల కొంగలు దిగుతాయి. తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్కలు, మూసినా మధ్యలో సందు కనిపించే ముక్కు. వరి మళ్లలో నత్తలు ఏరుకు తింటాయి కాబట్టి రైతులకు ముద్దు. పేపర్లో ఏటా సైబీరియా అతిథులని రాస్తారు. కొంగ కనిపిస్తే చాలు, సైబీరియా నుంచి రప్పించకుండా మన విలేకరులకు నిద్రపట్టదు. ఇవి మన దేశంలోనూ పక్క దేశాల్లోనూ వానల వెంట తిరిగే పక్షులు. ఈ మాట గొట్టాలపేటలో ఒకసారి చెప్పాను. ఎక్కడినుంచొస్తే ఏటండీ, పురిటికి మా ఊరే వస్తాయి కదా అన్నారు.

ఆ ఊరి లెక్క అది. కొంగలంటే పురిటికొచ్చిన ఆడపిల్లలు. అవి ఉన్నన్నాళ్లూ పెళ్లయినా, దీపావళి అయినా టపాకాయ కాల్చరు. పిల్లలు పుట్టాక మొదటి గుడ్డు పెంకు చెట్టు కింద ఎవరికి దొరికితే వాళ్లింట్లో ఆ రోజు కాయం వండుతారు. బాలింతలకు పెట్టే కాయమే: శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి వేసి నల్లగా ముద్ద కట్టించేది. దాన్ని గోలీకాయలంత ఉండలు చేసి ఇంటింటికీ పంచుతారు. కొంగలు ఎలాగూ తినవు కాబట్టి ఊరంతా తింటుంది.

ఈ ప్రేమే పీకల మీదికి తెచ్చింది. రెండేళ్ల కిందట శ్రావణంలో గాలివానకి కొన్ని గూళ్లు గుడ్లతో సహా నేలపాలయ్యాయి. కొంగలు ఖాళీ కొమ్మల మీద నిలబడి ముక్కులు టకటకలాడిస్తుంటే ఊరి ఆడవాళ్లు ఏడ్చారట. అప్పుడు అప్పలలక్ష్మికి ఆలోచన తట్టింది. వెడల్పాటి కోళ్లగంపలు వెల్లకిలా కొమ్మలకి కట్టేస్తే గూడు పడిపోదు కదా అంది. ముందు తనింటి గంపే తెచ్చింది. ఆమె తెచ్చాక ఊరు ఆగుతుందా? సాయంత్రానికి పదకొండు గంపలు పోగయ్యాయి. తాటిచెట్లెక్కే సోమన్న వాటిని కొబ్బరితాళ్లతో కట్టాడు. కొంగలు నాలుగు రోజులు అనుమానంగా చూసి, అయిదో రోజు పుల్లలు తెచ్చి వాటిల్లో పరుచుకున్నాయి. అప్పలలక్ష్మి నెల రోజులపాటు నేల మీద నడవలేదు. ఫోన్లో ఫొటోలు పెట్టుకుని, ఆస్పత్రికి వచ్చిన గేదెలకి తప్ప అందరికీ చూపించింది.

ఈ కథ జరిగింది ఆ మరుసటి ఏడాది. ఆగస్టు నెలాఖరులో పిల్లలు పడిపోవడం మొదలైంది. ఈకలు సగం వచ్చిన పిల్లలు. కాళ్లు చచ్చుపడి, మెడ వాలేసి, చెట్టు కింద పడి ఉండేవి. మొదటి రోజు రెండు, మర్నాడు నాలుగు. ఊళ్లో రమేష్‌బాబు అనే అతనికి చెట్లకి మూడు వందల గజాల దూరంలో బ్రాయిలర్ కోళ్ల షెడ్డు ఉంది, నాలుగు వేల కోళ్లు. నాలుగో రోజు పొద్దున్నే అతను నా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బర్డ్ ఫ్లూ అని తేలితే చుట్టుపక్కల కోళ్లన్నీ పూడ్చేస్తారని అతనికి తెలుసు.

"డాక్టరుగారూ, కొంగలు ఎల్లిపోతే మల్లీ ఏడాదికైనా ఒస్తాయి. నా షెడ్డు పోతే నాను మల్లీ లెగలేనండి" అన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు తనకి దొరికిన పెంకుకి వాళ్లమ్మ కాయం వండిందని అతనే నాకు చెప్పాడు. భయం మనిషిని ఏమైనా చేయిస్తుంది. అప్పటికే యలమంచిలి నుంచి రెండు బస్తాల ఔట్లు, సీమటపాకాయలు తెప్పించి పెట్టాడు. ఆదివారం పాలకేంద్రం దగ్గర ఊరు కూడుతుంది, ఊరు ఒప్పుకుంటే ఆ రోజే కాల్చి కొంగల్ని తోలేస్తాం అన్నాడు. ఎగరలేని పిల్లలు చెట్ల మీద రెండొందలకు పైగా ఉన్నాయి. తల్లులు బెదిరిపోతే అవన్నీ చావాల్సిందే. అప్పటికి సోమవారం. మా చేతిలో ఆరు రోజులున్నాయి.

నేను పీపీఈ కిట్టు వేసుకుని వెళ్లాను. ఊళ్లో దాన్ని కరోనా డ్రెస్సు అంటారు. అద్దాలకి ఆవిరి పట్టి నాకు ముందున్న చెట్టే సరిగ్గా కనిపించలేదు. అయినా శాస్త్రప్రకారం శాంపిళ్లు తీసి, ఐస్ పెట్టెలో పెట్టి ల్యాబుకి పంపాను. రిపోర్టు రావడానికి వారం పట్టొచ్చన్నారు. అంతదాకా ఎవరూ పక్షుల్ని ముట్టుకోవద్దని చెప్పాను. పక్కన అదే కిట్టు వేసుకుని నిలబడ్డ అప్పలలక్ష్మి ఒక పిల్ల రెక్క ఎత్తి, ఊదబోయి, మాస్కు అడ్డమొచ్చి ఆగిపోయింది. నేను గట్టిగా కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫ్లూ అనుమానం ఉన్న పక్షి మీద ఊదడమేమిటి, బతకాలని లేదా అన్నాను. ఆమె గ్లౌజు వేలితోనే ఈకలు విడదీసి చూసింది. "బాబుగారూ, సోడిగింజల్లాంటివి ఉన్నాయండి" అంది. చోడిగింజలంటే రాగులు. అవేవో చర్మం మీద పొక్కులులే అని కొట్టిపారేశాను. ఆవిరి పట్టిన అద్దాల్లోంచి చూసి ఆ మాట చెప్పిన ఘనుణ్ణి నేనే.

మంగళ, బుధవారాల్లో ఆమె సెలవు పెట్టి చెట్ల కిందే తిరిగింది. దేన్నీ ముట్టుకోలేదు, చూసింది అంతే. గురువారం డ్యూటీకొచ్చి, పలకరిస్తే పలకలేదు. ఆటోలో కూడా ఎవరి కోడినీ చూడలేదని కొండబాబు వచ్చి నా దగ్గర మొరపెట్టుకున్నాడు. "రాత్రి అన్నం కూడా తిన్లేదండి, ఏటైందో మీరే కనుక్కోండి" అన్నాడు. ఇరవై నాలుగేళ్లలో అప్పలలక్ష్మి నోరు మూసుకుని ఉండటం ఆ ఆస్పత్రి చూడలేదు. మధ్యాహ్నం నేనే అడిగాను. జాకెట్లోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. క్యాలెండరు కాగితం వెనక పధ్నాలుగు చెట్లూ గీసి, పిల్లలు పడినచోటల్లా చుక్క పెట్టింది. చెట్ల మీద మొత్తం నూట ఇరవై గూళ్లున్నాయి. చుక్కలన్నీ పదకొండు చోట్లే ఉన్నాయి.

"గంపల కిందేనండి. కొంగలు సొంతంగా కట్టుకున్న గూట్లోంచి ఒక్క పిల్లా పడలేదు" అంది.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. మర్నాడు సోమన్నకి కిట్టు తొడిగి, పిల్లలన్నీ పోయి ఖాళీగా ఉన్న ఒక గంపను దింపించాం. తెల్ల పంచె పరిచి, గంపను దాని మీద బోర్లించి అప్పలలక్ష్మి కర్రతో నాలుగు దెబ్బలు వేసింది. నల్లిలా చదునుగా, బూడిద రంగులో ఉన్న గోమార్లు జలజలా రాలాయి. ఆ దెబ్బలకి పంచె తెలుపు కనిపించలేదు. ఆమె చూసిన చోడిగింజల్లాంటివి వాటి పిల్లలు. పెద్దవి రాత్రుళ్లు నెత్తురు తాగి వెళ్లిపోతాయి, చిన్నవి రోజుల తరబడి ఒంటినే కరుచుకుని ఉంటాయి. నెత్తురు పోయి పక్షి పాలిపోతుంది, వాటి విషానికి కాళ్లు చచ్చుపడతాయి. పుస్తకంలో ఇదంతా ఉంది. నేను చదివాను కూడా. తొలి ఏడాది కొద్దిగా ఉన్నవే పెరిగి, కొంగలు వెళ్లిపోయిన ఆర్నెల్లూ ఏమీ తినకుండా ఆ గంపల అల్లికలోనే పడి ఉండి, అవి తిరిగి రాగానే విందు మొదలెట్టాయి.

అప్పలలక్ష్మి ఆ పంచె పక్కన చతికిలబడింది. "గంపలు కట్టమన్నది నానే కదండీ" అంది.

ఆమెని అలా చూడలేకపోయాను. నాకు తోచిన సాయం చెప్పాను. గోమార్లు అని రాస్తాను, అవి ఎక్కడివో రాయను, కొంగలే ఎక్కడినుంచో తెచ్చుకున్నాయని అందరూ అనుకుంటారు, గంపలు గుట్టుగా దింపించేద్దాం అన్నాను. అప్పలలక్ష్మి తలెత్తి నావైపు చూసింది. నేను ఆఫీసర్నని ఆమె మర్చిపోయిన చూపు అది.

"అలగైతే తప్పు ఆటి మీద పడిపోద్ది కదండీ. పై దేశం నుంచి పురుగులు తెచ్చినాయనీసి తోలేస్తారు. ఆయి నోరిప్పి సెప్పుకోలేవు" అంది.

ఆదివారం పొద్దున్న పాలకేంద్రం ముందు ఊరంతా కూడింది. నేను వెళ్లేసరికే ల్యాబు నుంచి ఫోనొచ్చింది: బర్డ్ ఫ్లూ కాదు. అదే మాట గట్టిగా చెప్పి, పని అయిపోయిందనుకున్నాను. రమేష్‌బాబు కాలేదన్నాడు. ఆ రోగం కాకపోతే ఇంకో రోగం, పిల్లలు చస్తున్నది నిజమే కదా, అది నా షెడ్డుకి రాదని ఎవరు పూచీ అన్నాడు. వాళ్లూ వీళ్లూ తలలూపారు. ఎక్కడెక్కడో తిరిగొచ్చే పక్షులు, ఏం మోసుకొస్తున్నాయో ఎవరికి తెలుసని ఒకాయన అన్నాడు. ఔట్ల బస్తాలు పాలకేంద్రం అరుగు మీదే ఉన్నాయి.

అప్పుడు అప్పలలక్ష్మి గంప పట్టుకుని ముందుకొచ్చింది. అది ఆమె ఇంటి గంపే, అందులో పిల్లలూ అప్పటికే పోయాయి. నాకు చెప్పకుండా సోమన్న చేత దింపించి, పాలిథిన్ సంచిలో కట్టి తెచ్చింది. అందరి ముందూ తెల్లగుడ్డ పరిచి కర్రతో కొట్టింది. ముందు వరసలో వాళ్లు వెనక్కి గెంతారు.

"ఆయి ఏ రోగవూ తేలేదు. మనవే ఇచ్చినం" అంది. "మన కోళ్ల గోమార్లే ఇయి. గంపలు కట్టమన్నది నాను. ముందు ఏడినీళ్లలో ముంచాలని నాకు తెలుసు. వొచ్చినోళ్లందరికీ నానే సెప్తాను. ఆ రోజు బేగి కట్టియ్యాలన్న తొందర్లో మర్సిపోనాను. ఆ పిల్లల్ని సంపింది నాను. నన్నింక డాక్టరమ్మ అనకండి."

పాలక్యాన్ల దగ్గర కుర్చీ వేసుకుని చిట్టితల్లి కూర్చుని ఉంది. పేరుకే చిట్టితల్లి, ఆవిడకి ఎనభై దాటాయి. ఆ పదకొండు గంపల్లో ఒకటి ఆవిడది. అందరూ వింటున్నారో లేదో చూసుకుని, తీరిగ్గా నోరు విప్పింది.

"ఆడపిల్ల పురిటికొచ్చిందనీసి ఉన్న పరుపు దులపకుండా ఏసీసినం. నల్లులు కుట్టినాయి. ఇప్పుడేటి సేద్దాం? పరుపు దులుపుదామా, పిల్లని తోలీద్దామా?"

ముందెవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఊరంతా నవ్వింది. రమేష్‌బాబు మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, గంపలు ఉడకబెడితే ఇవి చస్తాయా అని అడిగాడు. చస్తాయన్నాను. నా షెడ్డుకి రావు కదా అన్నాడు. గంపలు నీ షెడ్డులో పెట్టుకుంటే తప్ప రావన్నాను. అతను ఔట్ల బస్తాల వైపు ఒకసారి, అప్పలలక్ష్మి వైపు ఒకసారి చూశాడు. "మా గానుగ కాడ బెల్లం పెనం కాళీగానే ఉంది" అన్నాడు.

ఆ రోజు నేను చూసింది ఏ పుస్తకంలోనూ లేదు. చెరుకు రసం కాచే పెద్ద పెనంలో నీళ్లు మరుగుతుంటే, గంపలు ఒక్కొక్కటే దింపి అందులో ముంచారు. గంపల్లో మిగిలిన పిల్లలు ఇరవై ఆరు. ఆస్పత్రిలో ఉన్న గ్లౌజులన్నీ పంచేశాను. ఆడవాళ్లు చెట్ల కింద వరసగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో కొంగపిల్లను ఒళ్లో పెట్టుకుని, అచ్చం పేలు చూసినట్టే పట్టకార్లతో గోమారి పిల్లల్ని ఏరడం మొదలెట్టారు. పేలు చూసేటప్పుడు నోళ్లు ఊరుకోవు కదా, ఊరి కబుర్లన్నీ అక్కడే తెగాయి. కొంగపిల్లకి భయమేస్తే తిన్నది కక్కేస్తుంది. సగం అరిగిన నత్తలు పట్టుచీర మీద పడినా చిట్టితల్లి కోప్పడలేదు, పురిట్లో పిల్లలు కక్కరేటి అంది. పై కొమ్మల మీద తల్లికొంగలు ముక్కులు టకటకలాడిస్తూ మమ్మల్ని నానా తిట్లూ తిట్టాయి. సాయంత్రానికి ఎండిన గంపల్ని సోమన్న మళ్లీ కట్టి, పిల్లల్ని ఎక్కించాడు. చీకటి పడే ముందు తల్లులు దిగాయి.

ఇరవై ఆరులో నాలుగు పోయాయి, ఇరవై రెండు ఎగిరాయి. డిసెంబరులో ఆఖరి కొంగ కూడా వెళ్లిపోయాక, రమేష్‌బాబు ఔట్లన్నీ ఒక్కడే కూర్చుని కాల్చేసుకున్నాడు.

అంతా బాగానే ముగిసింది, ఒక్క నాకు తప్ప. అప్పలలక్ష్మి వైద్యం మానేసింది. డాక్టరమ్మా అని పిలిస్తే పలికేది కాదు. ఆటోలో ఎవరైనా కోడిని చూపిస్తే, ఆస్పత్రిలో డాక్టరుగారున్నారు, ఆయనకి సూపించండి అనేది. ఫలితం ఏమిటంటే, దారిలో దిగిపోవాల్సిన కోళ్లన్నీ నా గుమ్మంలోకొచ్చి పడ్డాయి. రోజుకి నలభై, యాభై. ఒకసారి ఒక కోడి రెక్క ఎత్తి నేను ఊదాను. నోట్లో ఈక పోయింది. ఆమె బల్ల తుడుస్తూ చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది. నా కుర్చీ, నా పట్టా ఇచ్చేస్తాను, నువ్వు మునుపటిలా మాట్లాడు చాలు అనాలనిపించింది. ఆఫీసర్ని కదా, అనలేదు.

ఈ ఏడాది మే నెలలో ఊరివాళ్లే, ఎవరూ చెప్పకుండా, గంపలన్నీ దింపి బెల్లం పెనంలో ఉడకబెట్టి మళ్లీ కట్టారు. ఆమె వెళ్లలేదు. జూన్‌లో కొంగలు దిగాయి. ఆమె చూడటానికీ వెళ్లలేదని, ఆటో చెట్ల కిందికి రాగానే తల తిప్పేసుకుంటోందని కొండబాబు చెప్పాడు.

పోయిన వారం రమేష్‌బాబు ఆస్పత్రికొచ్చాడు. ఒక చేతిలో స్టీలు డబ్బా, ఇంకో చేతిలో ఏదో గుప్పిట మూసి ఉంది. రావయ్యా, కోళ్లెలా ఉన్నాయి అన్నాను. నా మాట వినిపించుకోకుండా నా బల్ల దాటుకుని, వెనక గదిలో సిరంజీలు కడుగుతున్న అప్పలలక్ష్మి దగ్గరికి వెళ్లాడు. గుప్పిట విప్పాడు. సగం పగిలిన తెల్లటి గుడ్డు పెంకు.

"గంప కిందే దొరికింది. మీ గంప కింద" అన్నాడు. "సోమన్న సెట్టెక్కి పిల్లల రెక్కలెత్తి సూసినాడు, ఒక్క సోడిగింజ లేదు. మా ఆవిడ కాయం వండింది. ముందు మీరు తీసుకోండి, డాక్టరమ్మా."

ఆమె తడి చేతులు చీరకి తుడుచుకుంది. పెంకు అందుకుంది. తర్వాత దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలికి "ఉఫ్" అని ఊది, ఏమీ లేదని తేల్చుకున్నాక కాయం ఉండ తీసి నోట్లో వేసుకుంది. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. మిరియాలు ఎక్కువేసిందండి మీ ఆవిడ అంది.

నా వాటా ఆఖర్న ఇచ్చారు. కారం ఏమీ లేదు.